సిరీసా, పారలలా? రాంనగర్ గల్లీ జ్ఞాపకాలు

సమాంతర రేఖలు ఎంత దూరం పొడిగించినా కలవవని లెక్కల సారు చెప్పిన నెలలోనే, సైన్సు సారు బోర్డు మీద ‘సమాంతర సంధానం’ (పారలల్ కనెక్షన్) అని రాసి, దాని కింద రెండు చివరలా కలిసిపోయిన తీగల బొమ్మ గీశారు. నేను లేచి, “కలవనివాటినే కదా సార్ సమాంతరం అంటారు, ఇవి కలిశాయేంటి?” అన్నాను. క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు, జవాబూ చెప్పలేదు. “అది లెక్కలు, ఇది ఫిజిక్సు, కూర్చో” అన్నారు. పక్కనున్న ‘శ్రేణి సంధానం’ (సిరీస్ కనెక్షన్)తోనూ నాకు అదే తంటా. అంకశ్రేణి, గుణశ్రేణి బట్టీ పట్టిన బుర్రకి శ్రేణి అంటే వరస. నిరోధాలు, అంటే కరెంటుకి అడ్డుపడే ముక్కలు, వరసగా నిలబడితే శ్రేణి, ఒకదాని కింద ఒకటి పడుకుంటే సమాంతరం. అంతే అనుకున్నాను. అది 1991. హైదరాబాదులో, రాంనగర్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. నాది పదో తరగతి, తెలుగు మీడియం.

ఆ అనుకోవడం ఎంత తప్పో స్లిప్ టెస్టులో తేలింది. ఒకే గీత మీద మూడు నిరోధాలు, ఒక్కోటి 3 ఓమ్‌లు. గీతకి ఎడమ చివర ‘ఎ’, కుడి చివర ‘బి’. ఈ రెండింటి మధ్య మొత్తం నిరోధం ఎన్ని ఓమ్‌లో చెప్పాలి. ‘ఎ’ దగ్గర బయల్దేరిన ఒక తీగ మొదటి రెండు నిరోధాల మీదుగా దూకి, రెండోదానికీ మూడోదానికీ మధ్యన వాలింది. ‘బి’ నుంచి ఇంకో తీగ కిందనుంచి వెనక్కి వచ్చి, మొదటిదానికీ రెండోదానికీ మధ్యన అతుక్కుంది. ఆ రెండు తీగలూ నన్ను భయపెట్టడానికి పెట్టారనుకుని, వరసగా ఉన్నాయి కదా అని మూడు మూళ్ళు తొమ్మిది రాసేశాను. జవాబు 1 ఓమ్. ఎందుకు ఒకటో సారు చెప్పారు, నాకు ఎక్కలేదు.

ఎక్కించింది మా గల్లీ మొదట్లో రిపేరు షాపు చాచా. నలుగురు నిలబడితే ఐదోవాడు రోడ్డు మీద ఉండాల్సినంత షాపు. లోపల అటక నిండా విప్పేసిన రేడియోలు, టేపు రికార్డర్లు, మిక్సీ జార్లు, రెక్కల్లేని ఫ్యాన్లు. ఎప్పుడూ సోల్డరింగ్ పేస్టు కాలిన వాసన. ఆయన్ని గల్లీ మొత్తం చాచా అనేది, మా నాన్నతో సహా. మంచివాడే కానీ ఓపిక తక్కువ. “రేపు రా” అన్న సామాను పది రోజులకి కూడా ఇచ్చేవాడు కాదు, అడిగితే కసురుకునేవాడు. నన్ను మాత్రం షాపులో కూర్చోనిచ్చేవాడు. ఇరానీ హోటల్ నుంచి చాయ్ తెచ్చిపెట్టే మనిషి కావాలి కదా.

ఆ షాపులో నాకు బాగా నచ్చింది గోడకి మేకు కొట్టిన ఒక చెక్క బోర్డు. దాని మీద ఒక బల్బు హోల్డరు, ఒక స్విచ్చు, ఒక ప్లగ్ సాకెట్. హోల్డర్లో 100 వాట్ల బల్బు. రిపేరుకి ఏది వచ్చినా చాచా నేరుగా కరెంటు ఇచ్చేవాడు కాదు, ముందు ఆ సాకెట్లో పెట్టేవాడు. సిరీస్ బోర్డు అనేవాడు దాన్ని. కరెంటు ముందు బల్బులోంచి దూరి, తర్వాత సామానులోంచి దూరి, అప్పుడు బయటికి పోతుంది. రెండింటికీ కలిపి ఒకటే దారి.

మా రేడియో తీసుకెళ్ళిన రోజు మొదటిసారి చూశాను. ప్లగ్గు పెట్టగానే బల్బు ఫుల్లుగా వెలిగింది. నేను సంబరపడ్డాను, వెలిగిందంటే కరెంటు పోతున్నట్టే కదా అని. చాచా మొహం చిట్లించి, “లోపల షార్టు. ట్రాన్స్‌ఫార్మర్ పోయింది” అన్నాడు. షార్టయిన సామాను ఉత్త తీగతో సమానం, అడ్డు పెట్టదు, 230 వోల్టులూ బల్బుకే దక్కుతాయి. ఫుల్లుగా వెలగడం చెడ్డ కబురన్నమాట. అసలు వెలగకపోతే లోపల తీగ ఎక్కడో తెగింది. ఒకసారి మెరిసి ఎర్రగా డల్‌గా ఉండిపోతే సామాను బాగున్నట్టే, ఇక నేరుగా కరెంటు ఇవ్వొచ్చు. ఇస్త్రీపెట్టె దగ్గర మాత్రం ఈ బోర్డు బోల్తా కొడుతుంది. 750 వాట్ల పెట్టె నిరోధం 70 ఓమ్‌లే, 100 వాట్ల బల్బుది 529. పెట్టె మంచిదైనా, షార్టయినా బల్బు దాదాపు ఒకేలా వెలుగుతుంది. దాన్ని చాచా ఆ బోర్డు మీద నమ్మేవాడు కాదు.

వినాయక చవితి వస్తే చాచా షాపు సీరియల్ లైట్ల ఫ్యాక్టరీ అయిపోయేది. ట్రూప్ బజార్ నుంచి వందల లెక్కన చిన్న బల్బులు తెచ్చి, రంగులు పూసి, ఒక్కో సెట్టుకి 40 చొప్పున సోల్డరింగ్ చేసేవాడు. ఒక్కో బల్బు 6 వోల్టులది. ఇంట్లో కరెంటు 230. బల్బు ఒక్కదాన్నే ప్లగ్గులో పెడితే టప్పున పేలుతుంది. నలభైని గొలుసులా కలిపితే 230ని నలభై మంది పంచుకుంటారు, తలా 5.75. ఎవరికీ ప్రాణభయం లేదు. కాకపోతే ఒక్కటి పోతే అందరూ పోతారు.

మా గల్లీ మండపానికి ఆ ఏడు రెండు రకాల లైట్లు కట్టారు. వినాయకుడి చుట్టూ చాచా చేసిన సీరియల్ సెట్లు, గల్లీ పొడుగునా తాడుకి కట్టిన రంగు బల్బుల తోరణం. దూరం నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి. వరసగా బల్బులు, ఒక పక్కనుంచి తీగ. మూడో రోజు సాయంత్రం వానకి తోరణంలో రెండు బల్బులు పోయాయి, మిగతావి హాయిగా వెలుగుతున్నాయి. అదే సాయంత్రం సీరియల్ సెట్టులో ఒక్కటి పోయింది, నలభై చీకటి. మండపం పిల్లలు “చాచా, నీ మాల్ బాలేదు” అని గోల. చాచాకి కోపం వచ్చి నన్ను తోరణం దగ్గరికి లాక్కెళ్ళాడు. “బల్బులు లెక్కపెట్టకు. తీగలు లెక్కపెట్టు” అన్నాడు.

దగ్గరగా చూస్తే తోరణానికి పొడుగునా రెండు తీగలున్నాయి, ఎర్రది, నల్లది. ప్రతి హోల్డరుకీ ఒక కాలు ఎర్రదాని మీద, ఒక కాలు నల్లదాని మీద. ఇరవై బల్బులకీ అవే రెండు తీగలు. సీరియల్ సెట్టులో బల్బు నుంచి బల్బుకి ఒక్కటే తీగ, ఒకదాని కాలు ఇంకోదాని చేయి పట్టుకున్నట్టు. ప్లగ్గు ఆపి, ఆరిపోయిన సెట్టు నా చేతికిచ్చి, ఒక చివర నుంచి వేలు పెట్టి నడవమన్నాడు. “ఆంఖ్ కు నక్కో పూఛ్, ఉంగ్లీ కు పూఛ్.” కంటిని కాదు, వేలిని అడుగు. వేలు ఎక్కడా ఆగకుండా, ఏ దారి పట్టాలో ఆలోచించకుండా ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళిపోతే సిరీస్. ఎటు పోవాలి అని ఒక్క చోటైనా వేలు తడబడిందంటే అక్కడ దారి చీలిందన్నమాట. చీలిన దారులు మళ్ళీ ఒకే చోట కలిస్తే అవి పారలల్. బొమ్మలో నిలువుగా గీశారా, అడ్డంగా గీశారా అన్నది గీసినవాడి ఇష్టం.

పోయిన బల్బుని పట్టుకునే పద్ధతి ఇంకా బాగుండేది. సెట్టు మళ్ళీ ప్లగ్గులో పెట్టి, సరిగ్గా మధ్యలో, ఇరవయ్యో బల్బు జాయింటు మీద టెస్టర్ పెట్టేవాడు. దారి తెగిన చోటు దాకా ఫేజు, అంటే స్తంభం వైపు నుంచి వచ్చే కరెంటు, వచ్చి నిలబడిపోతుంది కాబట్టి అక్కడిదాకా టెస్టర్ వెలుగుతుంది, ఆ తర్వాత వెలగదు. మధ్యలో వెలిగితే జబ్బు అవతలి సగంలో ఉంది, వెలగకపోతే ఇవతలి సగంలో. మళ్ళీ ఆ సగంలో సగం. ఐదారు పోట్లలో దొంగ దొరికేవాడు. కంప్యూటర్ కోర్సులో చేరాక బైనరీ సెర్చ్ అని బోర్డు మీద రాస్తే, ఇది చాచా పద్ధతే కదా అనుకున్నాను. (ఆయన ఒట్టి చేతులతో కరెంటున్న సెట్టు మీద చేసిన ఈ పని మాత్రం ఎవరూ చేయొద్దు. మమ్మల్ని కూడా చేయనిచ్చేవాడు కాదు.)

కొత్త బల్బులు అయిపోతే పోయినదాన్ని కోసేసి రెండు కొసలూ మెలిపెట్టేవాడు. అక్కడే ఒక తిరకాసు. 39 మిగిలితే తలా 5.9 వోల్టులు. 35 అయితే ఆరున్నర దాటుతుంది. మిగిలినవాళ్ళకి వాటా పెరుగుతూ పోతుంది, వాటా పెరిగినకొద్దీ త్వరగా మాడతారు. నిమజ్జనం రోజుకి ఒక సెట్టులో 29 మిగిలాయి. తలా దాదాపు 8 వోల్టులు. ఆ రోజు అవి ఎంత జోరుగా వెలిగాయంటే, లారీ ఎక్కించేటప్పుడు అందరూ “చాచా, ఇవాళ సూపర్” అన్నారు. లారీ హుస్సేన్ సాగర్ చేరేలోపే ఆరిపోయాయట.

ఈ మధ్య మా అపార్టుమెంటులో ఎల్‌ఈడీ లైట్ల దండ సగం ఆరి సగం వెలుగుతుంటే వాచ్‌మన్ తల గోక్కున్నాడు. లోపల కొన్ని కొన్ని కలిపి సిరీస్ ముక్కలు చేసి, ఆ ముక్కల్ని పారలల్‌గా కలుపుతారు. ఒక ముక్క పోయింది, మిగతావి బతికాయి.

చాచా నాకు పెట్టిన పెద్ద పరీక్ష మాత్రం రెండు బల్బులది. ఒకరోజు చాయ్ తెచ్చేసరికి బల్ల మీద రెండు హోల్డర్లు. ఒకదాంట్లో 100 వాట్ల బల్బు, ఇంకోదాంట్లో జీరో బల్బు. స్విచ్ వేస్తే జీరో బల్బు చక్కగా వెలుగుతోంది, 100 వాట్లది చచ్చినట్టు పడి ఉంది. “ఏది పోయింది?” అన్నాడు. పెద్దదే అన్నాను. “అయితే పీకెయ్.” స్విచ్ ఆపి పెద్దదాన్ని తీసి, మళ్ళీ స్విచ్ వేశాను. జీరో బల్బు వెలగలేదు. తీసినదాన్ని పెట్టాను, జీరో మళ్ళీ వెలిగింది. పోయిందనుకున్న బల్బు లేకపోతే ఉన్నది వెలగడం లేదు! ఇప్పటికీ ఆ క్షణం గుర్తొస్తే ఒంట్లో ఏదో కదులుతుంది. పెద్ద బల్బు బాగానే ఉంది, కరెంటు దానిలోంచే పోతోంది. కానీ జీరో బల్బు నిరోధం చాలా ఎక్కువ, మూడున్నర వేల ఓమ్‌ల దాకా. వోల్టులన్నీ అదే మింగేసి, పెద్దదానికి విదిలింపులు వదులుతోంది. వేలితో నడిచాను. ఎక్కడా తడబడలేదు. సిరీస్.

జీరో బల్బు దగ్గరే చాచాతో నా మొదటి గొడవ కూడా. జీరో అంటే కరెంటు కాలదని ఆయన వాదన. రాత్రంతా వేసినా మీటరు తిరగదంటాడు. కరెంటు కాలకుండా ఎలా వెలుగుతుంది చాచా, 12 నుంచి 15 వాట్లు తింటుందట అంటే, “పేరే జీరో, ఇంకేం కావాలి” అన్నాడు. చివరిదాకా ఒప్పుకోలేదు.

ఆ తర్వాత నాకు వేలు పెట్టడం పిచ్చిలా పట్టింది. మా పోర్షన్‌లో మీటరు బోర్డు నుంచి వంటింటి దాకా కళ్ళతోనే వేలు నడిపేవాణ్ణి. పింగాణీ ఫ్యూజు ఇల్లు మొత్తానికి సిరీస్, అందుకే అది పోతే ఇల్లంతా చీకటి. స్విచ్చు దాని బల్బుకి సిరీస్. బల్బులు, ఫ్యానులు, ప్లగ్గులు వాటిలో అవి పారలల్, అందుకే వంటింట్లో బల్బు ఆపితే హాల్లో ఫ్యాను ఆగదు. ఫ్యానుకున్న పెట్టెలాంటి పాత రెగ్యులేటరు ఫ్యానుకి సిరీస్. ఒకటో నంబరు మీద పెట్టి ముట్టుకుంటే వేడిగా ఉండేది. ఫ్యానుకి వెళ్ళాల్సిన వోల్టుల్లో కొన్ని అక్కడ వేడిగా తగలబడేవి.

స్లిప్ టెస్టు బొమ్మ మళ్ళీ తీసింది అప్పుడే. రెండు రంగు పెన్సిళ్ళు తెచ్చుకున్నాను, మండపం తోరణంలా. ‘ఎ’ నుంచి బయల్దేరి నిరోధం అడ్డం రానంత వరకూ తీగంతా ఎర్ర రంగు. ‘బి’ నుంచి అలాగే నీలం. రంగులు వేశాక చూస్తే మొదటి నిరోధానికి ఒక పక్క ఎరుపు, ఒక పక్క నీలం. రెండోదానికీ అంతే, తిరగేసి. మూడోదానికీ అంతే. మూడింటికీ అవే రెండు రంగులు! ఒకే గీత మీద వరసగా కూర్చున్న మూడూ పారలల్. మూడుని మూడుతో భాగిస్తే ఒకటి. సారు గీసిన ఆ రెండు దూకుడు తీగలు నన్ను భయపెట్టడానికి కాదు, జవాబంతా వాటిలోనే ఉంది. సమాంతరం అన్న మాట మీద నా కోపం కూడా ఆ రోజే తగ్గింది. అక్కడ రేఖలు కలవకపోవడం కాదు, చివరలు రెండూ ఉమ్మడిగా ఉండటం ముఖ్యం.

ఇంటర్‌లో వీట్‌స్టన్ బ్రిడ్జి దగ్గర మాత్రం పెన్సిళ్ళు చాలలేదు. నాలుగు నిరోధాల మధ్య అడ్డంగా ఐదోది. నాలుగు రంగులు పడ్డాయి, కానీ ఏ రెండు నిరోధాలకీ రెండు వైపులా అవే రంగులు రాలేదు, ఏ రెండూ దారి చీలకుండా ఒకే వరసలో లేవు. సిరీసూ కాదు, పారలలూ కాదు. ఇవి కాక మూడో రకం ఉంటుందని పదో తరగతిలో ఎవరూ చెప్పలేదు. అక్కడ కరెంటునీ వోల్టుల్నీ లెక్కకట్టే కిర్కాఫ్ నియమాలు పట్టుకోవాల్సిందే. కిర్కాఫ్ వాటిని 1845లో ఇచ్చాడు, ఇంకా విద్యార్థి, 21 ఏళ్ళు. ఇక ఆ బ్రిడ్జిని ముందు 1833లో వివరించింది శామ్యూల్ హంటర్ క్రిస్టీ. పదేళ్ళ తర్వాత నలుగురికీ తెలిసేలా చేసిన వీట్‌స్టన్‌కి పేరు మిగిలింది.

పదో తరగతి పరీక్షల ముందు, ఒక శుక్రవారం సాయంత్రం. ఓనర్లు పైన, మేం కింద. ఇంటికి మూడు ఫేజుల కనెక్షను. పై పోర్షన్ ఒక ఫేజు మీద, మాది ఇంకో ఫేజు మీద, మూడోది నీళ్ళ మోటారుకి. ఆ సాయంత్రం మా హాల్లో బల్బు మామూలు కంటే తెల్లగా వెలుగుతోంది. “ఇవాళ వోల్టేజీ బాగుంది, చదువుకో” అన్నాడు నాన్న. పైన టీవీలో చిత్రలహరి మొదలైంది. అమ్మ మర్నాటికి నాన్న చొక్కాలు ఇస్త్రీ చేద్దామని పెట్టె ప్లగ్గులో పెట్టి స్విచ్ వేసింది. మా బల్బు ఒక్కసారిగా ఎర్రగా, నిప్పు కణికలా అయిపోయింది. పైన టప్, టప్ అని రెండు శబ్దాలు. పాట ఆగిపోయింది. ఓనరు గారి భార్య కేక. స్టెబిలైజర్‌లోంచి పొగ.

ఓనరు గారు పరిగెత్తుకొచ్చి వాళ్ళ మెయిను ఆపారు. అంతే, మా ఇంట్లో బల్బు ఆరిపోయింది. మా మెయిను ఆన్‌లోనే ఉంది, మా ఫ్యూజు బాగానే ఉంది. నాన్న టెస్టర్ తెచ్చి ప్లగ్గులో పెడితే రెండు కన్నాల్లోనూ వెలుగుతోంది. “కరెంటు రెండింటిలో ఉంది, లైటు లేదు, ఇదేం విడ్డూరం” అంటున్నాడు. నాకు చాచా బల్ల మీది 100 వాట్ల బల్బు కళ్ళ ముందు ఆడింది. ఒకదాన్ని పీకితే రెండోది ఆరిపోయింది. మేమూ ఓనర్లూ సిరీస్‌లో ఉన్నాం!

చాచాని పిలుచుకొచ్చాను. ఆయన చేతిలో రెండు 100 వాట్ల బల్బుల్ని సిరీస్‌లో కలిపిన టెస్ట్ ల్యాంపు. రెండెందుకంటే ఫేజుకీ ఫేజుకీ మధ్య 400 వోల్టులుంటాయి, ఒక్కటే పెడితే పేలిపోతుంది. రెండు ఫేజుల మధ్య పెట్టాడు, రెండూ వెలిగాయి. ఫేజుకీ న్యూట్రలుకీ (కరెంటు తిరిగి పోయే తీగ) మధ్య పెట్టాడు, వెలగలేదు. లైన్‌మన్ వచ్చి స్తంభం దగ్గర ఫ్యూజులు తీశాక మీటరు బోర్డు విప్పితే, అందరికీ ఉమ్మడిగా వచ్చే న్యూట్రలు తీగ స్క్రూ దగ్గర మాడి, బొగ్గులా ఊడొచ్చింది. ఆ తీగ ఉన్నంతసేపు ఎవరి 230 వాళ్ళది. అది ఊడాక కరెంటుకి వాళ్ళింట్లో దూరి మా ఇంట్లోంచి బయటపడటం తప్ప దారి లేదు. 400 వోల్టుల్ని రెండు పోర్షన్లూ పంచుకున్నాయి. అమ్మ ఇస్త్రీపెట్టె పెట్టగానే మా నిరోధం పడిపోయి మాకు వందో ఏదో మిగిలి, పైన టీవీ, ట్యూబులైటు మీద 300 పడ్డాయి.

చాచా కాలిన కొస కత్తిరించి, కొత్తగా ఒలిచి, స్క్రూ బిగించాడు. లైన్‌మన్ ఫ్యూజులు పెట్టాడు. అన్నీ వెలిగాయి, టీవీ కూడా. పోయింది స్టెబిలైజరు, రెండు బల్బులు.

మర్నాడు ఓనరు గారు కిందికి వచ్చి, “మీ ఆవిడ ఇస్త్రీపెట్టె పెట్టడం వల్లే కదండీ” అన్నారు. న్యూట్రలు గురించి నేను నోట్‌బుక్కులో బొమ్మ గీసి చూపించాను, ఎరుపు, నీలం రంగులతో సహా. ఆయన బొమ్మ శ్రద్ధగా చూశారు. “బాగా గీశావు బాబూ, కానీ పెట్టె పెట్టాకే కదా పొగ వచ్చింది” అన్నారు. నాన్న నాకు కళ్ళతోనే ఊరుకోమని సైగ చేసి, స్టెబిలైజర్ డబ్బుల్లో సగం కిరాయితో కలిపి రెండు నెలల్లో ఇచ్చేశాడు.

ఆ ఇంట్లో ఇంకో మూడేళ్ళు ఉన్నాం. శుక్రవారం సాయంత్రం చిత్రలహరి అయిపోయేదాకా అమ్మ ఇస్త్రీపెట్టె ముట్టుకోలేదు. “ఇప్పుడేం కాదమ్మా, న్యూట్రలు గట్టిగా ఉంది” అని నేనెన్నిసార్లు చెప్పినా, పైకి చెవి పెట్టి, పాట వినిపిస్తోందా లేదా అని చూసుకుని, చొక్కా మడతపెట్టి పక్కన పెట్టేది.